నలభై ఆరు తలుపులు

మూత 19

బొద్దింకలు. పెట్టె విప్పగానే రెండు నా ముంజేతి మీదుగా భుజం దాకా పాకాయి. వెలుతురు పడేసరికి ఇంకో ముప్పై బోర్డు కిందికి దూరాయి. ఫ్యాను రెక్కలకు ఇడ్లీ పిండి గట్టిపడిపోయింది, దాని మీద నూనె జిడ్డు, జిడ్డు మీద దుమ్ము, దుమ్ములో బల్లిగుడ్ల పెంకులు.

చలువపెట్టె అంటే ఇంటికి ఊపిరి. ఎండ ముదిరి పదకొండింటికి తలుపులన్నీ మూత పడ్డాక సాయంత్రం నాలుగున్నర దాకా లోపల గాలి చల్లగా ఉంచేది అదే, తలుపు తీసేదీ అదే. దాన్ని పొయ్యి పక్కన బిగించుకున్న మనిషిని ఏమనాలి?

"సమ్మక్కా, ఇది పెట్టెనా, పాముల పుట్టనా?" అన్నాను.

"నువ్వు బాగుచెయ్యనీకి వచ్చినవా, నా ఇంటికి వంకలు పెట్టనీకి వచ్చినవా?" ఇడ్లీ బండి సమ్మక్క గరిటె పట్టుకునే మాట్లాడుతుంది. "బొద్దింకలు మీ ఇంట్ల లేవానే పొల్లా?"

"ఉన్నయ్. పెట్టెల లేవు."

ఈ పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నది మళ్లీ రాస్తున్నాను: తప్పు ఎప్పుడూ ఇంట్లోవాళ్లదే. మూడు ఎండాకాలాలుగా చూస్తున్నాను, ఒక్కసారి కూడా ఈ మాట అబద్ధం కాలేదు.

కంపెనీ మనిషి కావాలంటే ఇరవై రెండు రోజులు ఆగాలి. ఇరవై రెండు మూతలు పెట్టె లేకుండా బతికే మనిషి కాజీపేటలో లేడు. తీరా వచ్చినవాడు నాలుగు గంటలు కూర్చుంటాడు. రెండు గంటలు ఏదో నింపుతాడు, రెండు గంటలు టీలు తాగుతాడు. నేను లైసెన్సు లేని దాన్ని, తుక్కు పెట్టెలు విప్పి విప్పి నేర్చుకున్నదాన్ని. నాకు పదకొండు నిమిషాలు చాలు. మా గదిలో పెట్టె ఇంతవరకు మొరాయించలేదు. దాని మెదడంతా డ్రైవ్‌లోకి కాపీ తీసి పెట్టుకున్నాను. చచ్చిన పెట్టె ఎవరిదైనా సరే, తుడిచేసి అదే ఎక్కిస్తాను. పైగా కంపెనీ పెట్టెలకుండే ఆ దిక్కుమాలిన గొంతు నా కాపీలో ఉండదు. "దయచేసి వేచి ఉండండి, మీ గడప విన్నపం పరిశీలనలో ఉంది" అని సాగదీసే గొంతు. ఆ సొద భరించలేక మొదటి రోజే పీక నొక్కేశాను.

సమ్మక్కది ముప్పై తొమ్మిదో కాపీ. తలుపు అడిగి చూశాను. నిమిషన్నరకు తెరుచుకుంది. రెండు సెకన్లలో తెరుచుకోవాలి. మళ్లీ అడిగితే మూడు నిమిషాలు ఆగింది, అది మామూలే. ఒక గడప ఒకసారి తెరిస్తే మళ్లీ మూడు నిమిషాల దాకా తెరవకూడదని ఊళ్లో తలుపులన్నిటికీ అనుమతిచ్చే కంపెనీ కేంద్రం నియమం. చల్లదనం పోతుందట.

మొదటి నిమిషన్నర మాత్రం బొద్దింకల పుణ్యమే అయ్యుండాలి.

మూత 23

నయీంనగర్‌లో బీమా ఆఫీసు. మేనేజర్ వేణుమాధవ్ పొద్దున్నుంచి ఆరుసార్లు ఫోన్ చేశాడు. సిస్టమ్‌లన్నీ చచ్చిపోయాయట, నెట్‌లోంచి ఎవరో దాడి చేశారట.

దాడీ లేదు, బూడిదా లేదు. అక్కడ టేబుల్ తెరలు మనిషి కన్ను చూసి తెరుచుకుంటాయి. పన్నెండు మందికి పన్నెండు కళ్లు నమోదు చేయించాలంటే బద్ధకం. మేనేజర్ కన్ను ఫొటో తీసి, పన్నెండు ముక్కలు అచ్చేసి, తెర పక్కన టేపుతో అంటించుకున్నారు. ఒక ముక్క మీద కిళ్లీ మరక. ఇంకోదాని మీద ఎవరో ఆకలికి ఆగలేక పెట్టిన మిరపకాయ బజ్జీ నూనె.

"సార్, మిషన్ ఏమంటుందో చదివిండ్రా?"

"చదవనీకే నిన్ను పిలిచింది."

"ఈ మనిషి ఇయ్యాల్ల యాభై గంటలు పనిచేసిండు, ఇగ పండుకోవాలె అంటుంది. పన్నెండు మంది ఒక్కటే కన్నేసుకొని వస్తే అది ఏమనుకుంటది? ఒక్కడే అనుకుంటది. గింత తెల్వదా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. వేణుమాధవ్ మొహం కందగడ్డ అయింది.

"సౌజన్యనట పేరు! ఎవడు పెట్టిండో గాని, వాడు దొరికితే అడగాలె."

"మా నాయిన. దొరకడు, పోయిండు. కళ్లు నమోదు చేయించుకోండ్రి."

వెళ్లబోతుంటే తలుపు అడ్డం పడింది. అడిగాక నాలుగు నిమిషాలు. నిరుడు ఈ ఆఫీసు పెట్టెకు కాపీ ఎక్కించింది నేనే. "ఈ నడుమ రోజూ గిట్లనే సతాయిస్తుంది" అన్నాడు. పెట్టె విప్పితే లోపల బిస్కెట్ పొడి, చీమలు. చూపించి నాలుగు దులిపి వచ్చాను. బయట ఎండకు వేసుకునే తడి జాకెట్ తొడుక్కునే ముందు అసహ్యంతో రెండుసార్లు చేతులు కడుక్కున్నాను.

మూత 28

మునవ్వర్ ఆపా నా దగ్గర ఎప్పుడూ గొణగదు. డీజిల్ కాలనీలో ఆమెది కుట్టుగది. ఆపాతో కలిపి తొమ్మిది మంది, తొమ్మిది మిషన్లు, మూలన ఆవిరి ఇస్త్రీ ప్రెస్. కిటికీలు ఉండేవి, చలువ పోతుందని అందరిలాగే ఇటుకలు పెట్టి మూయించింది. ఒక్కటే ఇనుప తలుపు. ఎనిమిదో మూత నాడు ఆమె పెట్టెకు కాపీ ఎక్కించాను.

"బేటీ, తలుపు పన్నెండు నిమిషాలకు తెరుస్తుంది. నిన్న పద్నాలుగు." చెబుతూ మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది. ఆమెకు ఉబ్బసం.

పెట్టె విప్పాను. దారాల పోగులు, బట్టల నూగు, తల వెంట్రుకలు. చేతికి చుట్టుకుంటుంటే ఒళ్లు జలదరించింది. "ఇగో, ఇదీ మీ పన్నెండు నిమిషాలు" అని గుప్పెడు తీసి చూపించాను.

"రోజూ ఊడుస్తం రా."

"పెట్టె లోపల ఎవరు ఊడుస్తరు? దయ్యాలా?"

ఆడవాళ్లు మిషన్లు ఆపి నన్ను చూశారు. ఒక పిల్ల, నస్రీన్, "గీమె నోరు పెట్టెకు బిగిస్తే గది ఇంకా వేడెక్కుతది" అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఇస్త్రీ ప్రెస్ వైరు చూశాను. తొడుగు కాలిపోయి, రాగి కనబడుతోంది, దానికి బట్టపేలిక చుట్టి ఉంది. తిట్టాను. మారుస్తానంది.

తలుపు దాకా వచ్చి ఆపా గొంతు తగ్గించి అడిగింది. "నువ్వు తిట్టు, పర్వాలే. ఒక్కటి చెప్పు. లోపల ఏమన్న అయిందనుకో. పన్నెండు నిమిషాలు నేను ఆగగల్గుతనా?"

"పెట్టె తుడిచి మళ్లీ ఎక్కించిన. ఇగ కాదు."

తొమ్మిది మంది, ఒక తలుపు. ఆ లెక్క వేసుకుంటూ గడప దగ్గరే ఆగాను. తర్వాత ఇంకో ఫోన్ వస్తే వెళ్లిపోయాను.

మూత 30

ఇవాళ పదకొండు ఫోన్లు, అన్నీ తలుపుల గురించే. కాపీ ఎక్కించిన ఇళ్లే. టీచరమ్మ తలుపు 12:41కి తెరుచుకుందట, అడిగి ఇరవై నిమిషాలైందట. సమ్మక్కది 12:44. మందుల దుకాణంది 12:47. మునవ్వర్ ఆపాది 12:50. ఎవరి తలుపు ఏ టైముకు తెరుచుకుందో అన్నీ రాసి పెట్టాను, రేపు ఒక్కొక్కరి మొహాన కొట్టడానికి. ఇంత మురికి మనుషులు ఈ ఊళ్లో తప్ప ఎక్కడా ఉండరు.

సమ్మక్క ఫోన్‌లోనే మొదలుపెట్టింది. "బొద్దింకలు లేవు, మందు కొట్టిన. పొయ్యి జరిపిన. ఇగ నీ సాకు ఏంది?"

ఫోన్ పెట్టేశాను. వెళ్లి మళ్లీ తుడిచి, మళ్లీ కాపీ ఎక్కించాను. వరసగా ఆరిళ్లలో అదే పని. దార్లో కొత్తగా నాలుగిళ్లు దొరికాయి, వాటికీ ఎక్కించాను. మా గదితో కలిపి ఇప్పుడు నలభై ఆరు.

మూత 33

మధ్యాహ్నం. నయీంనగర్ నీడగల్లీలో, ఎండ ఆపే వలల కింద, చల్ల తాగుతూ ఈ పుస్తకం తిరగేశాను. ఎవరిని ముందు తిట్టాలో చూద్దామని.

12:41. 12:44. 12:47. 12:50.

నాలుగు ఇళ్లు. ఒకదానికొకటి కిలోమీటర్ల దూరం. మధ్యలో మూడేసి నిమిషాలు.

వెనక పేజీలు తీశాను. ఏ రెండు తలుపులూ ఒకే నిమిషంలో తెరుచుకోలేదు. ఎక్కడ చూసినా మూడు నిమిషాల తేడా, లేకపోతే ఆరు, తొమ్మిది. చల్ల గ్లాసు అక్కడే పెట్టేశాను.

ఫోన్‌లో మా గది పెట్టె పేజీ ఉంటుంది. కంపెనీ మీద అసహ్యం కొద్దీ ఏడాదిగా తెరవలేదు. తెరిచాను. గది తాళం వేసి ఉంది, లోపల మనిషి లేడు. పేజీ ఇలా చెబుతోంది: మీ గడప నుంచి తలుపు విన్నపాలు, తొమ్మిది.

ప్రతి పెట్టెకూ కేంద్రం ఇచ్చిన గడప నంబరు ఒకటి ఉంటుంది. మెదడంతా కాపీ కొట్టినప్పుడు అది కూడా కాపీ అయింది. కేంద్రం లెక్కలో సమ్మక్క ఇల్లు లేదు, ఆపా కుట్టుగది లేదు, ఆఫీసు లేదు. ఉన్నది మా గది ఒక్కటే. దాని తలుపు మధ్యాహ్నం పూట యాభైసార్లు తెరవమని ఎవరో పిచ్చివాళ్లు అడుగుతున్నారు. కేంద్రం నియమం ప్రకారం మూడు నిమిషాలకొకటి తెరుస్తోంది. నేను కొత్త ఇల్లు కలిపిన ప్రతిసారీ వరస పెరిగింది.

కంపెనీ మనిషి రెండు గంటలు నింపేది కొత్త గడప నంబరు. మిగతా రెండు గంటలు కేంద్రం జవాబు కోసం ఆగుతాడు. ఆ ఆగడాన్నే నేను టీలు అన్నాను.

పన్నెండు మంది ఒకే కన్నేసుకుని వచ్చారని నవ్విన నోరు ఇది. ఉమ్మేయాలనిపించింది. ఎవరి మీద ఉమ్మాలో తెలిసింది కానీ, మనిషి తన మొహం మీద తాను ఉమ్ముకోలేడు.

అందరికీ చెప్పాలి. చెబితే లైసెన్సు లేని పనంతా బయటపడుతుంది, ఇక ఏ ఇంటి పెట్టె ముట్టుకోనివ్వరు. అందుకని చెప్పకుండా ఒక్కొక్కటీ మార్చేద్దామనుకున్నాను. పొద్దునపూట ఇంటికి నాలుగు గంటలు. రోజుకు ఒకటి. కంపెనీలో పనిచేసే ఒకతన్ని బతిమాలి నంబర్లు తీసుకుంటాను.

మొదట ఆఫీసు. వేణుమాధవ్ అరుపు పడలేక. ఆపాకు మూడో రోజు వస్తానని కబురు పెట్టాను. ఆమె ఎప్పుడూ అరవదు కదా.

మూత 35

12:38కి ఆపా ఫోన్. మొదట దగ్గు వినబడింది. తర్వాత నస్రీన్ గొంతు.

"అక్కా, ప్రెస్ కాడ మంట లేసింది. మంట ఆర్పినం, గుడ్డల మూట రాజుకుంది, పొగ... పొగ మస్తుగున్నది అక్కా. తలుపు తెరుస్తలేదు. ఎర్ర బటన్ నొక్కినం, సప్పుడే లేదు."

ఆపదలో కేంద్రాన్ని పిలిచే ఆ ఎర్ర బటన్ కంపెనీ గొంతుతో ముడిపడి ఉంటుంది. పీక నొక్కినప్పుడే అదీ పోయింది.

"అందరు కింద కూసోండ్రి. తడిగుడ్డలు మొహాలకు పెట్టుకోండ్రి. ఫైర్ వాళ్లకు చేసిండ్రా?"

"చేసినం. ఇరవై అయిదు నిమిషాలంటున్నరు. ఆపాకు ఊపిరి ఆడ్తలేదు."

నేనున్నది నయీంనగర్‌లో. పరుగెత్తినా లాభం లేదు, ఆ తలుపు గునపానికి లొంగదు. కరెంటు తీస్తే ఇంకా బిగుసుకుంటుంది. పేజీ తెరిచాను. విన్నపాలు: పదిహేడు. భోజనాల వేళ. పదిహేడు మూళ్లు యాభై ఒకటి.

అడిగిన ఇంట్లోనే 'వద్దు' నొక్కితే వరసలోంచి పోతుంది. ఇంకెవరూ తీసేయలేరు. అంటే వాళ్లంతా నొక్కాలి. మధ్యాహ్నం ఆకలి మీద, ఇరవై నిమిషాలుగా తలుపు కోసం కాచుకుని ఉన్నవాళ్లు, నేను తిట్టి వచ్చినవాళ్లు. వట్టిగా అడిగితే ఎవడు నొక్కుతాడు?

మార్చినవని, మార్చనివని చూడకుండా, మా గదీ ఆపా గదీ కాక మిగిలిన నలభై నాలుగు ఇళ్లకూ ఒకటే మెసేజ్ పెట్టాను. ఇక్కడ అక్షరం మార్చకుండా ఎక్కిస్తున్నాను:

"మీ తలుపు లేటు కావడానికి కారణం నేను. మురికి కాదు. మీ అందరి పెట్టెలకు మా గది నంబరే ఎక్కించిన, అందుకే ఒకరి వెనక ఒకరు ఆగుతున్నరు. డీజిల్ కాలనీ కుట్టుగదిల పొగ నిండింది, లోపల తొమ్మిది మంది ఉన్నరు. మీరు వద్దు నొక్కితేనే వాళ్ల తలుపు తెరుస్తది. ఇప్పుడే నొక్కండ్రి. తర్వాత నన్ను ఏమన్నా అనండ్రి."

పదిహేడు. పదిహేడు. పదహారు.

తిట్టు ఒకటి వచ్చింది, చదవలేదు. పదమూడు. తొమ్మిది. 12:43కి ఎవరిదో తెరుచుకుంది. ఏడు. నాలుగు. 12:46కి ఇంకొకటి. రెండు.

రెండు దగ్గర ఆగింది. ఒకటి ఆపాది. ఇంకోటి ఎవరిది? ఈ టైముకు పార్సిళ్లు బయట పెట్టేది, మెసేజ్ చదవనిది ఒక్కతే. ఫోన్ చేశాను.

"సమ్మక్కా, తలుపు అడిగినవా?"

"పావుగంటైంది! ఆటో అబ్బాయి బయట ఎండల మాడుతున్నడు. మళ్ల బొద్దింకలంటవా ఏంది?"

"వద్దు నొక్కు. నీకు దండం పెడ్త. తప్పు నాది, నీ బొద్దింకలది కాదు. మునవ్వర్ ఆపా గదిల పొగ, వాళ్లకు తలుపు రావాలె."

అవతల గరిటె కింద పడేసిన చప్పుడు.

"ఏది? ఎర్రదా, పచ్చదా?"

"పచ్చది."

"నొక్కిన. నొక్కిన్నే! మళ్ల నొక్కాల్నా?"

ఒకటి.

12:46 మీద మూడు నిమిషాలు ఇంకా కాలేదు. ఆ కాస్తకు మాత్రం ఎవర్నీ బతిమాలలేం. ఆపా ఫోన్ కలిపే ఉంది. దగ్గు వింటూ నిలబడ్డాను. నడుమ నడుమ ఎవరో "యా అల్లా, యా అల్లా" అంటున్నారు. ఆ తర్వాత దగ్గు కూడా ఆగింది. ఎంతకీ మళ్లీ రాలేదు.

12:49. ఇనుప తలుపు కీచుమంది. కాళ్ల చప్పుడు. ఎవరో "పట్టు, ఆపాను పట్టు" అన్నారు.

అక్కడే గల్లీలో గోడ పక్కన వాంతి చేసుకున్నాను.

మూత 36

ఆపా బతికింది. రాత్రంతా ఆసుపత్రిలో గాలి పెట్టారు. నస్రీన్ ఎడమ చెయ్యి కాలింది, వేళ్లు కదులుతున్నాయి.

కంపెనీకి నేనే రాసిచ్చాను, నా పేరు, నలభై ఆరు చిరునామాలు. గడప నంబర్లు ఇస్తారట, అవి ఎక్కించేవరకు ఓర్చుకుంటారట. ఆ తర్వాత ఏ పెట్టె ముట్టుకున్నా కేసు. మంచిది. ఇళ్లకు వెళ్లి ఎదురుగా నిలబడి చెబుతున్నాను. టీచరమ్మ తలుపు మొహాన వేసింది. మందుల దుకాణం ఆయన విని, "బిస్కెట్ పొడి, చీమలు, ఎన్ని మాటలన్నవమ్మా" అన్నాడు. బిస్కెట్ పొడి ఆయనది కాదు, ఆఫీసుది. సరిదిద్దలేదు. సమ్మక్క మాత్రం ఇడ్లీ పెట్టి, తింటున్నంతసేపూ తిట్టింది.

మూత 39

మునవ్వర్ ఆపా గది. గోడలు నల్లగా ఉన్నాయి, మాడిన బట్టల కంపు ముక్కు వదలడం లేదు. ఆపా గొంతు బొంగురుపోయింది. ప్రెస్ తీసేశారు.

పొద్దున ఏడింటికి మొదలుపెట్టాను. తుడిచాను, కంపెనీ ఇచ్చిన మెదడు ఎక్కించాను, గొంతుతో సహా. కొత్త గడప నంబరు నింపాను. కేంద్రం జవాబుకు రెండు గంటలు. ఆపా టీ ఇచ్చింది. తాగాను. ఇంకోటి ఇచ్చింది. అదీ తాగాను. ఆ పెట్టె ముందు కదలకుండా కూర్చున్నాను.

పదకొండింటికి లేవబోతే ఆపా తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఎక్కడికి? మూత పడనీ. మాతోని లోపలుండు."

మూత పడింది. మిషన్లు నడిచాయి. నస్రీన్ ఒంటిచేత్తో గుండీలు కుడుతోంది, నా వైపు చూడలేదు. ఆ గదిలో నాలుగు గోడలూ ఎంత దగ్గరగా ఉంటాయో, మూడుసార్లు వచ్చి కూడా చూడలేదు నేను. పన్నెండు ముప్పై ఎనిమిదికి ఆపా గడియారం చూసింది.

"ఇగ అడుగు."

మిషన్లు ఆగాయి. తలుపు అడిగాను. "మీ గడప విన్నపం అందింది" అంది కంపెనీ గొంతు, ఎప్పటిలాగే సాగదీస్తూ. ఒకటి. రెండు.

తెరుచుకుంది. ఎండ మొహానికి కొట్టింది. ఎవరూ లేవలేదు, ఎవరూ బయటికి వెళ్లలేదు. తొమ్మిది మందీ ఆ తెరిచిన తలుపు వైపు చూస్తూ ఉండిపోయారు.

"చాలు, మూసెయ్" అంది ఆపా. "చల్లదనం పోతది."